పల్లంలో నీడల లెక్క

మొదటి రోజు

పొద్దున్నే ఉమాపతిగారు పిలిచి గణన పలక నా చేతిలో పెట్టారు.

"నెల రోజులు పల్లంలో తిరిగి రా హైమావతీ. అక్కడ ఎవరూ లేరని నమోదు చెయ్యి. యంత్రం చెప్పినదాన్ని ఏడాదికోసారి మనిషి కూడా చూడాలని చట్టంలో ఒక వాక్యం మిగిలిపోయింది. దాని కోసమే ఈ తిరుగుడు."

నివాస విభాగంలో నాది పదహారేళ్ల సర్వీసు. ఆయన మా పైఅధికారి. మారుమాట్లాడకుండా బస్సెక్కాను. మా నవసాగరం నగరంలో ఇల్లు లేనివాళ్లు ఒక్కరూ లేరన్నది పిల్లల పాఠాల్లో కూడా ఉన్న మాట. నేనూ నమ్మినదాన్నే.

బస్సు మెరక చివరి స్టాపు దాకే వెళ్తుంది. అక్కణ్ణుంచి నడిచి దిగాలి. మెరక మీది టవర్లకీ సముద్రానికీ మధ్య ఉన్న పెద్ద గుంట పేరు పల్లం. చుట్టూ కాంక్రీటు గోడ, పైన వంతెన రోడ్డు. వంతెన స్తంభాల మధ్య ఆరేసిన బట్టలు కనిపించాయి. పొయ్యిల పొగ కనిపించింది. నేను ఆగిపోయాను.

మొదటి స్తంభం దగ్గర సిమెంటు బెంచీ మీద ఒక ముసలావిడ సత్తు గిన్నెలో చద్దన్నం తింటోంది. నియమం ప్రకారం ముందు ఫోటో తీయాలి. తీశాను. పలకలో బెంచీ వచ్చింది, స్తంభం వచ్చింది. బెంచీ మీద మనిషి లేదు. సత్తు గిన్నె గాల్లో నిలబడి ఉంది. కింద నేల మీద నీడ మాత్రం పడింది: ఒంగిన వీపు, నోటి దాకా ఎత్తిన చెయ్యి.

మళ్లీ తీశాను. మళ్లీ అంతే. తలెత్తి చూస్తే ఆవిడ అక్కడే కూర్చుని నన్నే చూస్తోంది.

"దానికి మేం అగుపించం తల్లీ," అంది. "పొద్దుటేల రా. నీడ పొడుగ్గా పడతాది. అప్పుడైతే కూసింత అగుపిస్తాం."

స్తంభానికి బిగించిన మైకులోంచి ఆడగొంతు, చాలా మెత్తగా, "ఈ ప్రదేశం ఖాళీగా ఉంది. ధన్యవాదాలు," అంది. తనిఖీకొచ్చే మాలాంటి ఉద్యోగుల్ని మైకు లెక్కపెట్టదు. ఎక్కడో నలుగురైదుగురు పిల్లలు అదే రాగంతో ఆ మాట తిరిగి అన్నారు.

ఆవిడ పేరు పోలమ్మ. పలకలో పేరు కొట్టాను. తీసుకోలేదు.

రెండో రోజు

పలక పాడైందని ఆఫీసుకి తీసుకెళ్లాను. ఉమాపతిగారు ఫోటో చూసి నవ్వారు.

"పాడవలేదమ్మా. అనుమతి ఇవ్వని మనిషి ముఖాన్ని పలక తనలో భద్రపరచకూడదని చట్టం. అనుమతి ఇవ్వాలంటే మేలుకున్న సంఖ్య, అంటే చెల్లుబాటులో ఉన్న నివాస సంఖ్య ఉండాలి. లేకపోతే బొమ్మలోంచి తుడిచేస్తుంది. వాళ్ల మంచికే."

"కానీ అక్కడ మనిషి ఉంది సార్. నేను మాట్లాడాను."

"మాట్లాడితే మాట్లాడావు. పలకలో ఏం వచ్చింది?"

ఆయన చెడ్డవాడు కాదు. మా అమ్మకి జబ్బు చేసినప్పుడు నాకు నెల సెలవు ఇచ్చింది ఆయనే. మా పలక మాటే మాట అని తొమ్మిదేళ్లుగా నమ్మి పనిచేస్తున్న మనిషి, అంతే. సాయంత్రం ఒక కాగితం పుస్తకం, రెండు పెన్నులు కొన్నాను.

నాలుగో రోజు

నాకు దారి చూపించడానికి దాలినాయుడుగారు ఒప్పుకున్నారు. యాభై ఎనిమిదేళ్లుంటాయి. మెరక టవర్లలో సగం లిఫ్టులు తనే బిగించానని చెప్పారు. ఎడమ చేతికి మూడు వేళ్లు లేవు.

"ఒక్కపాలి ఇలా రండి మేడమ్," అని గోడ వార కుళాయి దగ్గరికి తీసుకెళ్లారు. "చెయ్యెట్టండి."

పెట్టాను. నీళ్లు వచ్చాయి. ఆయన చెయ్యి పెట్టగానే ధార తెగిపోయింది. మళ్లీ నా చెయ్యి, మళ్లీ నీళ్లు. నేను అలా చెయ్యి పెట్టి నిలబడితే చాలని ఆడవాళ్లు బిందెలతో వచ్చేశారు. మధ్యాహ్నం దాకా అదే పని. ఒక్కరూ తోసుకోలేదు, ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు. కుళాయి వింటుందేమో అన్నట్టు గుసగుసలాడుకున్నారు.

దాలినాయుడుగారు అప్పుడు చెప్పారు. వరసగా నలభై నిద్రలు రిజిస్టరైన తలుపు బయటే గడిస్తే మనిషి సంఖ్య నిద్రపోతుంది. అది నిద్రపోయాక బస్సు ఆగదు. ఆస్పత్రి తలుపు తెరుచుకోదు. పని ఇచ్చేవాడికి మన వివరాలు రావు. పని లేకపోతే అద్దెకి తలుపు దొరకదు, తలుపు లేకపోతే పని దొరకదు.

"నా ఇంటిది మంచాన పడి రెండేళ్లు," అన్నారు. "నాను పనికెల్లడం మానీసినాను. మరెవులు సూస్తారు? అది పోయింది. అద్దె బాకీ అని ఇంటాయన తలుపు మార్చీసినాడు. ఇక్కడకొచ్చి పడుకున్నాను. రేపు ఎల్లిపోదాం, ఎల్లుండి ఎల్లిపోదాం అనుకుంతుండగానే నలభై నిద్రలు అయిపోనాయి. నలభై ఒకటో నాడు బస్సుకి చెయ్యెత్తితే నా మీంచే వచ్చీసింది మేడమ్. గెంతకపోతే సచ్చీవోణ్ణి."

తొమ్మిదో రోజు

ఇప్పటికి ఎనిమిది వందల పన్నెండు మంది. వంతెన కింద ఇంకా రెండు వరసల స్తంభాలు మిగిలి ఉన్నాయి.

ఎందుకు ఇక్కడికి వచ్చారని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకి తలలు వంచుకుంటున్నారు. ఆఖరిసారి తలుపు వేసుకుని ఎప్పుడు పడుకున్నారని అడుగుతున్నాను. ఆ రోజు అందరికీ గుర్తుంది. వారం, ఆ రాత్రి ఏం తిన్నారో, బయట వాన పడుతోందో లేదో కూడా చెబుతున్నారు.

పోలమ్మది రొయ్యల షెడ్డులో వలిచే పని. ముప్పయ్యేళ్లు మంచులో చేతులు పెట్టి వేలిముద్రలు అరిగిపోయాయి. వాళ్ల పేట ఈ గుంట తవ్వడానికే కూల్చారు. బదులుగా ముప్పై కిలోమీటర్ల అవతల గది ఇచ్చారు. అక్కడ రొయ్యల షెడ్డు లేదు, తెల్లారుజామున బస్సు లేదు. ఏడు నెలలు ఉండి తిరిగి వచ్చేసింది.

"ఇల్లిచ్చినారు తల్లీ, అబద్దమాడకూడదు," అంది. "గచ్చు నున్నగా ఉన్నాది. పలకరించినోల్లే లేరు. కూడు లేదు. గచ్చు నాకుతామేటి?"

ఇప్పుడు తన పేట ఉన్నచోటే, ఇరవై అడుగుల లోతున పడుకుంటోంది.

రోజారాణికి ముప్పయ్యేళ్లు. మొగుడు కొడితే నడవలేని తమ్ముణ్ణి తీసుకుని బయటికి వచ్చేసింది. ఆడవాళ్ల ఆశ్రయంలో తమ్ముణ్ణి రానివ్వలేదు, మగవాళ్ల ఆశ్రయంలో వాడికి స్నానం చేయించేవాళ్లు లేరు. ఇంకొకాయన పేరెవరికీ తెలియదు. మాట్లాడడు. విడిచిన చెప్పులు ఎక్కడ కనిపించినా జతలు కలిపి వరసలో పెడతాడు. మనసు బాగాలేక ఆస్పత్రిలో పెట్టారట. నయమైందని గేటు బయట వదిలేశారు, తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. నేను పుస్తకంలో ఆయన పేరు దగ్గర 'చెప్పులాయన' అని రాశాను.

ప్రతి పేరు పక్కనా ఏం కావాలో కూడా రాస్తున్నాను. అందరికీ ఇల్లు కావాలని రాస్తే ఒక్క మాటతో పని అయిపోతుంది. కానీ ఒకరికి మందులు వేసి పక్కన కూర్చునేవాళ్లు కావాలి, ఒకరికి పనికి దగ్గరలో ఉండాలి, రోజారాణికి తమ్ముడితో కలిసి ఉండాలి. తాగుడు మానాలనుకుంటున్న ఒకతను, "ముందు తలుపియ్యండి, తరవాత మానీమనండి. మానీసి రా, తలుపిస్తాం అంటే ఎలాగమ్మా?" అన్నాడు. అది అలాగే రాసుకున్నాను.

పదమూడో రోజు

పద్నాలుగు వందల ముప్పై ఎనిమిది.

పుస్తకం పట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. ఉమాపతిగారి గదిలో గోడంతా వరద పటం వెలుగుతోంది. బంగాళాఖాతంలో తుఫాను నాలుగు రోజుల్లో తీరం దాటుతుందట. పటంలో పల్లం నీలం రంగులో ఉంది.

"ఆ నీలమేంటి సార్?"

"మెరకలో నీళ్లు నిలవకుండా పై కాలవ లాకులు ఎత్తి ఆ గుంటలోకి వదులుతాం. అందుకే కదా తవ్వింది. నాలుగు గంటల్లో నిండుతుంది."

నేను పుస్తకం బల్ల మీద పెట్టాను. ఆయన పేజీలు తిప్పారు. చాలాసేపు తిప్పారు. ఒకచోట ఆగారు.

"ఈ దాలినాయుడు... లిఫ్టుల దాలినాయుడా?"

"అవును సార్. మీకు తెలుసా?"

"మా టవర్‌లో లిఫ్టు ఆయనే బిగించాడు." పుస్తకం మూసేశారు. "కాగితం లెక్క యంత్రంలోకి ఎక్కదు హైమా. లాకులు ఎత్తే ముందు అది పల్లంలో మేలుకున్న సంఖ్య ఉందా అని చూసుకుంటుంది. ఒక్కటున్నా ఎత్తదు. లేకపోతే ఎత్తుతుంది. మధ్యలో నా చెయ్యి లేదు. వాళ్లని పైకి వచ్చేయమను."

"వస్తే ఏ తలుపు తెరుచుకుంటుంది?"

ఆయన కిటికీ వైపు తిరిగారు.

కిందికి వచ్చి చెప్పాను. ఎవరూ ఏడవలేదు. నూట యాభై కిలోమీటర్ల గాలి. మెరక రోడ్ల మీద ఆ గాలికి మనిషి నిలవడు. గాలి కాస్త తక్కువగా తగిలే చోటు పల్లం ఒక్కటే. పైకి పోతే గాలి, కింద ఉంటే నీళ్లు.

దాలినాయుడుగారే ఒక దారి చెప్పారు. ఇళ్ల తలుపులు తెరిచే గడప యంత్రానికి 'చుట్టం' అని ఒక ఏర్పాటు ఉందట. ఇంటివాళ్లు గడపలో నిలబడి పేరు పెట్టి పిలిస్తే తలుపు ఒక మనిషిని లోపలికి రానిస్తుంది. ఆ తలుపు వెనక ఒక్క నిద్ర తీస్తే సంఖ్య మేలుకుంటుంది, ఏడు రోజులు ఇంటివాళ్ల సంఖ్యకి అంటుకుని ఉంటుంది.

"తలుపుకి ఒకల్లే," అన్నారు. "ఎవులూ వాడరు. లిఫ్టుల్లో చుట్టం బొత్తం నానే బిగించినాను. ఒక్కపాలి కూడా ఎలగలేదు."

పదిహేనో రోజు

నిన్నా ఇవాళా మెరకలో నాలుగు టవర్లు ఎక్కి దిగాను. తొమ్మిది వందల గడపలు. మర్యాదగానే మాట్లాడారు. ఇంట్లో ఆడపిల్లలున్నారని కొందరు, తుఫాను వెళ్లాక చూద్దామని కొందరు. ఒకాయన తన పలక తెచ్చి పల్లం బొమ్మ చూపించాడు.

"ఎవరూ లేరు కదండీ? చూడండి."

చూశాను. ఎండలో స్తంభాల మధ్య నేలంతా నీడలే. కూర్చున్నవి, నడిచేవి, పిల్లల్ని ఎత్తుకున్నవి. ఆయనకి నిజంగానే కనిపించడం లేదు. పలకలు వచ్చిన ఈ తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో మనం మనుషుల్ని చూసే ముందు పలక వైపు చూస్తున్నాం. వాళ్ల పక్కనుంచి నడిచి వెళ్తూ కూడా చూడడం లేదు. పోయిన నెల దాకా నేను కూడా అంతే.

రెండో టవర్ కింది అంతస్తులో భానుమతిగారని కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరైన ఆవిడ ఒక్కరే ఉంటారు. ఆవిడ ఏమీ అడగలేదు. "పేరు చెప్పు," అన్నారు. గడపలో నిలబడి, "దాలినాయుడు గారూ, లోపలికి రండి," అని పిలిచారు. గుమ్మం పైన దీపం ఆకుపచ్చగా వెలిగింది. ఆయన చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని నిలబడిపోయారు. ఎంతకీ లోపలికి అడుగు పెట్టరే!

"నాలుగేళ్లయిపోనాదమ్మా," అన్నారు. "ముందు ఏ కాలెట్టాలో తెలీటం లేదు."

సాయంత్రానికి అరవై ఒక్క తలుపులు తెరుచుకున్నాయి. రోజారాణి తమ్ముడికి ఒకటి దొరికింది, రోజారాణికి వేరే టవర్‌లో ఇంకొకటి. పోలమ్మని ఒక ఇంటివాళ్లు రమ్మన్నారు, ఆవిడ తన వంతు ఒక బాలింతకి ఇచ్చేసింది.

పదిహేడో రోజు

పొద్దున్న తొమ్మిదింటికే గాలి మొదలైంది. పల్లం మీద వంతెన ఈల వేస్తోంది. మైకు మాత్రం ఎప్పటిలాగే, "ఈ ప్రదేశం ఖాళీగా ఉంది," అంటోంది.

పన్నెండింటికి లాకులు ఎత్తుతారు. నేను పదకొండింటికి దిగి పోలమ్మ బెంచీ మీద కూర్చున్నాను. ముందుగా ఏమీ అనుకోలేదు. మైకు లెక్కలో లేకపోయినా నా సంఖ్య మేలుకుని ఉంది, ఒక్కటున్నా లాకుల యంత్రం ఎత్తదు. ఆ ఒక్క విషయమే బుర్రలో ఉంది.

పన్నెండు దాటింది. లాకులు కదల్లేదు. పన్నెండుంబావుకి పలక మోగింది.

"హైమా, పైకి రా," అన్నారు ఉమాపతిగారు. "నీ ఒక్కదాని వల్ల గేట్లు ఆగిపోయాయి. మెరకలో కింది అంతస్తుల్లోకి నీళ్లు వచ్చేస్తున్నాయి."

"ఇక్కడ పద్నాలుగు వందల మంది ఉన్నారు సార్. మీరు పుస్తకం చూశారు."

"చూశాను."

"మరి?"

ఆయన, "నన్ను క్షమించు," అన్నారు.

నా సంఖ్యని నిద్రపుచ్చేశారు. పలక చేతిలోనే చల్లబడింది. అందులో నా ముఖం కనిపించే చోట వెనకున్న స్తంభం కనిపించింది. మైకు నా నెత్తిమీదే ఉంది. "ఈ ప్రదేశం ఖాళీగా ఉంది. ధన్యవాదాలు," అంది.

పదిహేడు రోజులుగా వింటున్న మాటే అది. ఈసారి నా గురించి కూడా అంది. చెయ్యి ఎత్తి చూసుకున్నాను. ఉంది. పోలమ్మ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మొదట్లో అలాగే ఉంటాది," అంది.

పై గోడ వైపు లాకుల గొలుసులు కదిలిన చప్పుడు వినిపించింది. జనం లేచారు. ఎక్కడికి వెళ్లాలో ఎవరికీ తెలియక లేచిన చోటే నిలబడ్డారు. పిల్లల్ని భుజాలకి ఎత్తుకున్నారు. లాకుల కింది నుంచి మొదటి నీళ్లు వచ్చాయి, బురద రంగులో, పాదాల ఎత్తున, చప్పుడు లేకుండా.

అప్పుడు మెట్ల మీద మనుషులు కనిపించారు. తాడు పట్టుకుని ఒకరి వెనక ఒకరు దిగుతున్నారు. ముందు దాలినాయుడుగారు, ఆయన వెనక రోజారాణి. తరవాత మొన్న పేరు పెట్టి పిలిస్తే లోపలికి వెళ్లినవాళ్లు. లెక్కపెట్టాను, అలవాటైపోయింది. పంతొమ్మిది మంది.

"మీరెందుకు వచ్చేశారు? మీకు తలుపు దొరికింది కదా!" అని అరిచాను.

"మా సంక్యలు మేలుకున్నాయి కదేటి మేడమ్," అన్నారాయన. ఆయాసపడుతున్నారు. "మమ్మల్ని నిద్రపుచ్చాలంటే ఇంటోల్లని నిద్రపుచ్చాల. మెరకోల్ల సంక్యలు ముట్టుకుంతారేటి?"

పై గోడ దగ్గర గొలుసులు ఆగాయి. మళ్లీ కదిలాయి, ఈసారి కిందికి. పాదాల దగ్గర నీళ్లు పెరగడం మానేశాయి. ఎవరూ కేకలు వేయలేదు, దండాలు పెట్టలేదు. సాయంత్రం దాకా ఆ పంతొమ్మిది మందీ పల్లం మధ్యలో గాలికి ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. మిగతా జనం వాళ్ల చుట్టూ కూర్చున్నారు.

మైకు ఎన్నిసార్లో చెప్పింది, "పల్లంలో పంతొమ్మిది మంది ఉన్నారు. దయచేసి బయటికి రండి." తొమ్మిదేళ్లలో అది మొదటిసారి మాట మార్చింది. పిల్లలు తిరిగి అనలేదు.

మిగతా నలభై ఇద్దరూ రాలేదు. వాళ్లని నేను తప్పుపట్టను.

ఇరవయ్యో రోజు

మెరకలో కింది అంతస్తులన్నీ మోకాలి లోతు మునిగాయి. ప్రాణనష్టం లేదు. భానుమతిగారి ఇల్లు కూడా మునిగింది. నలభై ఏళ్ల పుస్తకాలు ఆరుబయట ఆరబెట్టుకుంటున్నారు. నేను వెళ్లి తలవంచుకు నిలబడితే, "పుస్తకాలు ఆరతాయిలే, ఆ చివర పట్టుకో," అన్నారు. టవర్‌లో మిగతావాళ్లు నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు. కొందరు తిప్పుకోలేదు, వాళ్లకి నేను కనిపించలేదు. ఏది ఏదో తెలుసుకోవడం కష్టం.

పల్లంలో చలికి ఇద్దరు ముసలివాళ్లు పోయారు. చెప్పులాయన కనిపించడం లేదు. గాలి మొదలైనప్పుడు కొట్టుకుపోతున్న చెప్పుల వెంట మెట్లెక్కాడని పిల్లలు చెప్పారు. ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లాను. స్టేషన్ తలుపు నాకు తెరుచుకోలేదు. తెరుచుకున్నా, ఏ పేరని రాసుకుంటారు?

మా ఇంటి తలుపు కూడా తెరుచుకోలేదు. పక్కింటి సత్యవతి, పదేళ్లుగా నాతో పప్పులూ ఉప్పులూ మార్చుకునే మనిషి, బియ్యం సంచి మోసుకుంటూ నా భుజానికి తగిలి, ఆగి, చుట్టూ చూసి లోపలికి వెళ్లిపోయింది. పోలమ్మ బెంచీ పక్కన పడుకుంటున్నాను.

నలభై నాలుగో రోజు

నా మీద విచారణ పెట్టారు. నిన్న రాత్రి భానుమతిగారు చుట్టంగా పిలిచి పడుకోనిచ్చారు కాబట్టి ఆ గదిలోకి వెళ్లగలిగాను. ఎదురుగా ముగ్గురు పెద్దలు, పక్కన ఉమాపతిగారు. బాగా చిక్కిపోయారు. నాకో కాగితం ఇచ్చారు. 'ఆ రోజు పల్లంలో నేను ఒక్కదాన్నే ఉన్నాను, పొరపాటున ఉండిపోయాను' అని అందులో ఉంది. సంతకం పెడితే సంఖ్య, ఇల్లు, ఉద్యోగం తిరిగి ఇస్తారు.

దాదాపు నాలుగు వారాలు ఒళ్లు కడుక్కోవడానికి ఒకరి చెయ్యి అడిగినదాన్ని. పెన్ను తీసుకోలేదని గొప్పలు చెప్పుకోను. తీసుకున్నాను. కాగితం మీద ఆనించాను కూడా. అప్పుడు ఉమాపతిగారు లేచారు.

"ఆవిడ ఒక్కతే కాదు," అన్నారు. ఎవరి ముఖమూ చూడలేదు. "పద్నాలుగు వందల ముప్పై ఎనిమిది మంది. పదమూడో రోజున ఆవిడ నాకు పేర్లన్నీ చూపించింది. నేను చదివాను. చదివి, మూసి పక్కన పెట్టాను. ఆ మాట మీరు రాసుకోండి."

ఆ ముగ్గురిలో పెద్దాయన, "వాళ్లకి ఏం కావాలంటావు?" అని నన్నే అడిగారు. ముందు తలుపు, అదీ షరతులు లేకుండా అని చెప్పాను. పనికి నడిచి వెళ్లేంత దూరంలో, కుటుంబాన్ని విడదీయకుండా. తలుపు ఇచ్చి వెళ్లిపోతే చాలదు, కనీసం ఏడాది పాటు వారానికోసారి ఒక మనిషి వెళ్లి తలుపు తట్టాలి. తలుపు పోయేలా ఉన్నవాళ్ల దగ్గరికి ముప్పయ్యో నిద్రకే ఎవరో ఒకరు వెళ్లాలి, నలభై ఒకటో రోజున కాదు. ఆయన కొన్ని రాసుకున్నారు, కొన్ని రాసుకోలేదు.

ఖాళీగా ఉన్న పాత ఉద్యోగుల క్వార్టర్లలో మూడు వందల పది గదులు తెరుస్తామన్నారు. మిగతావాళ్ల మాట తరవాత చూస్తామన్నారు. గడపల దగ్గరికి వెళ్లి తలుపు తట్టే పని నాకే ఇచ్చారు. నా సంఖ్య మేలుకుంది. ఉమాపతిగారు ఉద్యోగం మానేశారు.

అరవై ఆరో రోజు

పోలమ్మకి గది వచ్చి పదకొండు రోజులు. రొయ్యల షెడ్డుకి ఇరవై నిమిషాల నడక. తలుపు వేసుకుని ఒక్క నిద్ర తీస్తే చాలు, కానీ సంఖ్య ఇంకా మేలుకోలేదు. కారణం తెలుసుకుందామని మధ్యాహ్నం వెళ్లాను.

తలుపు బార్లా తీసి ఉంది, గుమ్మం పైన దీపం ఎర్రగానే ఉంది. ఆవిడ గడప అవతల, వరండాలో చాప వేసుకుని కూర్చుంది. లోపల మంచం మీద దుప్పటి మడత విప్పలేదు.

"లోపల పడుకోవట్లేదా పిన్నీ?"

"పడుకుంతన్నాను. తలుపేసుకుంతే ఊపిరాడదు. తీసుకుంతే నిద్దరట్టదు." గడప వైపు చూసింది. "తలుపేసీసినాక ఇవతలోల్లు ఉంతారో లేదో తెలీదు కదమ్మా. అందరూ కొట్టుకుపోయినట్టుంటాది."

తను వంతు ఇచ్చేసిన ఆ బాలింత, ఏడు రోజుల గడువు అయిపోయి, మళ్లీ పల్లంలోనే ఉందని కూడా అంది.

"నేను ఇక్కడ కూర్చుంటాను," అన్నాను. "నువ్వు వెళ్లి కాసేపు నడుం వాల్చు. తలుపు వేసుకో. పిలిస్తే పలుకుతాను."

లేచి లోపలికి వెళ్లింది. తలుపు సగం వేసి ఆగింది. తరవాత మిగతా సగం వేసింది.

"ఉన్నావా?" లోపలి నుంచి.

"ఉన్నాను."

వరండాలో ఎండ నా కాళ్ల దాకా వచ్చింది. కింద ఎవరో బకెట్ నింపుకుంటున్నారు.

"ఉన్నావా తల్లీ?"

"ఉన్నాను పిన్నీ."

ఐదారుసార్లు అడిగింది. ప్రతిసారీ మధ్యలో ఎడం పెరుగుతూ వచ్చింది. గొంతు కూడా దూరమవుతూ వచ్చింది. ఒకసారి నా పేరు పెట్టి పిలిచింది. ఆ తరవాత పిలవలేదు.

నేను మాత్రం ఇంకో రెండుసార్లు, ఎవరూ అడక్కుండానే, "ఉన్నాను," అన్నాను. గుమ్మం పైన దీపం ఆకుపచ్చగా మారింది.